పాత సినిమా హాలు మూతపడుతోందంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత హాళ్ళ గోల నెత్తికెత్తుకున్న దగ్గర్నుంచి నన్ను అందరూ అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ ఒకచోట రాసిపెట్టాను. కొన్నిటికి జవాబు పొడుగ్గా ఉంటుంది, కొన్నిటికి ఒక్క ముక్క చాలు. అన్నీ వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసింది చూసుకోండి.

పాత హాళ్ళు అసలెందుకు మూతపడుతున్నాయి? జనం రాకపోవడమేనా?

జనం తగ్గిన మాట నిజమే గానీ అది ఇవాళ్టి సంగతి కాదు. బ్రిటన్‌లో 1946లో ఒక్క ఏడాదిలో 163 కోట్ల టికెట్లు తెగాయి, 1984 వచ్చేసరికి అది 5 కోట్ల 40 లక్షలకు పడిపోయింది. అప్పటికి ఓటీటీ లేదు, చేతిలో ఫోన్ లేదు. ఇంట్లోకి టీవీ వచ్చింది, జనం శివార్లకు ఇళ్ళు మార్చుకున్నారు, పెద్ద హాళ్ళు మాత్రం ఊరి నడిబొడ్డునే ఉండిపోయాయి. అమెరికాలో దీనికి ఇంకో దెబ్బ కూడా తోడైంది. 1948లో అక్కడి సుప్రీంకోర్టు పారమౌంట్ కేసులో ఇచ్చిన తీర్పుతో స్టూడియోలు తమ సొంత హాళ్ళను వదులుకోవాల్సి వచ్చింది. అప్పటిదాకా తల్లి కంపెనీ అండతో బతికిన రాజమహళ్ళ లాంటి హాళ్ళు ఒక్కసారిగా ఎవరి తిప్పలు వాళ్ళే పడాల్సిన పరిస్థితి.

ఇక ఒకే తెర ఉన్న హాలు లెక్క చూడండి. 1500 సీట్లు, ఒకటే బొమ్మ. అది ఆడకపోతే వారమంతా గోవిందా. 10 తెరల మల్టీప్లెక్స్ వాడు ఆడని సినిమాను సోమవారానికల్లా చిన్న స్క్రీన్‌లోకి నెట్టేసి, ఆడేదానికి ఇంకో రెండు స్క్రీన్లు కలుపుకుంటాడు. ఈ పాత హాలు వాడికి ఆ వెసులుబాటు ఎక్కడిది? 40 మంది వచ్చినా, 1400 మంది వచ్చినా ఏసీ ఒకటే, కరెంటు ఒకటే, స్టాఫ్ ఒకటే.

కానీ నన్నడిగితే వీటన్నిటికన్నా పెద్ద కారణం హాలు కింద ఉన్న నేల. హాలు నష్టాల్లోనే ఉండక్కర్లేదు, కొంచెం లాభంలో ఉన్నా మూతపడుతుంది, ఆ నేల ఖాళీగా ఉంటే అంతకు పదింతలు పలుకుతుందనుకుంటే. న్యూయార్క్‌లో రాక్సీ అని దాదాపు 6 వేల సీట్ల హాలుండేది. 1927లో తెరిచారు, 1960లో కూల్చారు, ఆ స్థలంలో ఆఫీసు బిల్డింగ్ లేచింది. ఆ హాలు ప్రారంభ చిత్రంలో నటించిన గ్లోరియా స్వాన్‌సన్ ఆ శిథిలాల మధ్య చేతులు చాచి నిలబడ్డ ఫోటో ఒకటి లైఫ్ పత్రికలో వచ్చింది. పాత హాళ్ళ గురించి మాట్లాడేవాళ్ళందరికీ ఆ ఫోటో తెలుసు. అలా చితికిపోయిన హాలుకి వయసు ఎంతనుకున్నారు, 33 ఏళ్ళు.

ఓటీటీయే చంపేసింది అంటారు కదా?

చంపలేదు. అప్పటికే ఐసీయూలో ఉన్నవాటికి ఆక్సిజన్ తీసింది. 2020 లాక్‌డౌన్‌లలో నెలల తరబడి తలుపులు మూస్తే, తిరిగి తెరవడానికి చేతిలో డబ్బు లేక చాలామంది అలాగే వదిలేశారు. బ్యాంకాక్‌లో స్కాలా అని 1969లో కట్టిన అందమైన హాలు 2020 జులైలో ఆఖరి ఆట వేసింది, మరుసటి ఏడాది నవంబర్‌కి నేలమట్టం.

డిజిటల్‌కి మారడం వల్ల హాలుకి పోయిందేముంది? బొమ్మ బాగానే కనపడుతోందిగా?

బొమ్మకేం, బ్రహ్మాండంగా కనపడుతోంది. పోయింది క్యాబిన్‌లో.

35 ఎంఎం ఫిల్మ్ నిమిషానికి 90 అడుగులు పరిగెడుతుంది. పెద్ద రీలంటే 2000 అడుగులు, అంటే 22 నిమిషాల ఆట. అందుకే పాత క్యాబిన్లలో ప్రొజెక్టర్లు రెండేసి ఉండేవి. ఒకదాని మీద రీలు అయిపోవస్తుండగా తెర కుడివైపు పై మూలలో ఒక చుక్క మెరుస్తుంది, రెప్పపాటు. అది చూసి ఆపరేటర్ రెండో ప్రొజెక్టర్ మోటారు ఆన్ చేస్తాడు. ఆరేడు సెకన్లకు ఇంకో చుక్క. అంతే, దీని షట్టర్ మూసి దానిది తెరుస్తాడు. కింద కూర్చున్నవాళ్ళకి ఏమీ తెలియదు. తెలిస్తే విజిల్స్ వేస్తారు, అది వేరే సంగతి. దీపం కూడా ఇప్పటి బల్బు కాదు, రెండు కార్బన్ కడ్డీల మధ్య వెలిగే నిప్పు. కడ్డీలు కాలేకొద్దీ మధ్య ఎడం పెరుగుతుంది, సరిచేస్తూ ఉండకపోతే తెర రంగు మారి మసకేస్తుంది. నల్ల అద్దంలోంచి ఆ వెలుగును చూస్తూ, ఒక చెయ్యి పిడి మీద పెట్టుకుని ఆట మొత్తం నిలబడి పనిచేసినవాళ్ళున్నారు.

తర్వాత జెనాన్ దీపాలొచ్చాయి, మొత్తం సినిమాను ఒకే చుట్టగా పరిచే ప్లాటర్లొచ్చాయి, ఆపరేటర్ పని సగమైంది. 2010 తర్వాత ఐదేళ్ళలో అంతా హార్డ్ డిస్క్ అయిపోయింది. ఇప్పుడు సినిమాకి తాళంచెవిగా ఒక ఫైల్ వస్తుంది, దాన్లో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఆడొచ్చో రాసి ఉంటుంది, గడువు దాటితే సర్వర్ ఆడించదు. ప్రింటు ఖర్చు తగ్గి నిర్మాతకి, డిస్ట్రిబ్యూటర్‌కి కలిసొచ్చింది. కొత్త ప్రొజెక్టర్ కొనాల్సింది మాత్రం హాలు ఓనరు. ఊరూరా హాళ్ళున్న గొలుసు కంపెనీలు అప్పు తెచ్చి మార్చుకున్నాయి. అరకొరగా నడిచే పాత హాళ్ళు ఆ ఖర్చు చూసే తాళం వేశాయి.

ఎన్నేళ్ళు నిండితే చారిత్రక హాలు అంటారు?

ఒక్కో దేశానికి ఒక్కో లెక్క. వయసు ఒక్కటే చూస్తే తప్పుదారి పడతాం. ఫ్రాన్స్‌లో లా సియోటాలోని ఈడెన్ 1889 నాటిది. సినిమాను కనిపెట్టిన లూమియేర్ సోదరులకు ఆ ఊళ్ళోనే ఎస్టేట్ ఉండేది, వాళ్ళ తొలినాళ్ళ బొమ్మలు ఆడిన చోటు అది. దాని గురించి వాదన అక్కర్లేదు. అలాగని 1952లో కట్టింది చారిత్రకం కాకుండా పోతుందా?

హాంకాంగ్‌లో స్టేట్ థియేటర్ కథ దీనికి మంచి ఉదాహరణ. 1952లో ఎంపైర్ పేరుతో మొదలైంది. దాని పైకప్పును పైనుంచి పెద్ద పెద్ద కాంక్రీట్ కమానులు మోస్తుంటాయి, లోపల హాలుకి అడ్డంగా ఒక్క స్తంభం లేకుండా. 1997లో మూతపడ్డాక లోపల స్నూకర్ ఆడుకునేవారు. 2016లో నిపుణుల కమిటీ దాన్ని మూడో గ్రేడ్ అంది, అంటే కూల్చినా పెద్దగా అడిగేవాడు లేడన్నమాట. అక్కడి వారసత్వ సంఘాల వాళ్ళు ఊరుకోలేదు, ఆ కమానుల పనితనం ఎంత అరుదైనదో కాగితాలతో సహా తెచ్చి చూపించారు, మరుసటి ఏడాది దానికి ఒకటో గ్రేడ్ దక్కింది. మధ్యలో హాలేం మారలేదు, దాని గురించి తెలిసిన విషయాలు పెరిగాయంతే.

కాబట్టి మీ హాలు గురించి రాసేటప్పుడు మొదట ఎవరు గీసిన ప్లాను, ఏ పద్ధతిలో కట్టారు, లోపల ఏది అసలుది, ఏది తర్వాత మార్చినది అన్నవి రాయండి. "మా చిన్నప్పుడు ఇక్కడే ఫలానా సినిమా చూశాం" అనే ఉత్తరాలు కమిటీ ముందుకు వందలొస్తాయి. అవీ కావాలి, కానీ అవొక్కటే సరిపోవు.

హెరిటేజ్ గుర్తింపు వస్తే ఇంక కూల్చలేరు కదా?

కూల్చడం కష్టమవుతుంది. అక్కడితో దాని పని అయిపోతుంది, ఆట వేయమని ఏ చట్టమూ బలవంతపెట్టదు. ఇది అర్థం కాకే చాలా ఉద్యమాలు గుర్తింపు వచ్చిన రోజున స్వీట్లు పంచుకుని, ఐదేళ్ళ తర్వాత అదే హాలు గేటు ముందు దిగాలుగా నిలబడతాయి.

లండన్‌లో టూటింగ్ గ్రనాడా 1931 నాటిది. లోపల చూస్తే పాత కేథడ్రల్‌లో అడుగుపెట్టినట్టుంటుంది. బ్రిటన్‌లో అత్యున్నతమైన ఒకటో గ్రేడ్ దక్కిన మొదటి సినిమా హాలు అదే. దాంట్లో 1973 తర్వాత సినిమాలు లేవు, 1976 నుంచి బింగో, అంటే మన తంబోలా లాంటి అంకెల ఆట.

ఇంకో చిక్కుంది. గుర్తింపు దేనికి వచ్చిందో చూసుకోవాలి. చాలాచోట్ల అది బయటి గోడలకే వర్తిస్తుంది. సినిమా హాలు అందం ముప్పాతిక భాగం లోపలే ఉంటుంది. న్యూయార్క్ నగరం 1973లో లోపలి భాగాలకు విడిగా గుర్తింపు ఇచ్చేలా చట్టం సవరించుకుంది, ఐదేళ్ళకే ఆ సవరణ అక్కరకొచ్చింది. రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌ని 1978 ఏప్రిల్‌లో మూసేస్తామని ప్రకటిస్తే, మార్చి నెలాఖరులో దాని లోపలి భాగానికి గుర్తింపు ఇచ్చి పడగొట్టకుండా అడ్డుపడ్డారు.

లోపల అంటే ఏది? కుర్చీలు కూడానా? నవ్వకండి, శాన్ ఫ్రాన్సిస్కోలో 1922 నాటి కాస్ట్రో థియేటర్ గొడవంతా దీని మీదే. 2022లో ఒక సంగీత కచేరీల కంపెనీ దాన్ని లీజుకి తీసుకుని, కింది వరసల్లో బిగించి ఉన్న కుర్చీలు తీసేసి నేలను సమం చేసుకునే ఏర్పాటు పెడతామంది. కుర్చీలు పోతే అది సినిమా హాలే కాదని ప్రేక్షకులు, కచేరీలు లేకపోతే అసలు నడవదని కంపెనీ. ఏడాదిన్నర వాదోపవాదాలయ్యాక 2023లో నగర పెద్దలు లోపలి భాగానికి గుర్తింపు ఇచ్చారు, కుర్చీలను మాత్రం ఆ జాబితాలో చేర్చలేదు. నేను కుర్చీల పక్షం. అయినా ఆ కంపెనీ చూపించిన లెక్కలు తప్పని నేను చెప్పలేను.

ముందు గోడ ఉంచేసి వెనక కొత్తది కట్టుకుంటామంటున్నారు. ఒప్పుకోవచ్చా?

సింగపూర్‌లో కాథే బిల్డింగ్ 1939 నాటిది. 2003లో ముందుభాగాన్ని జాతీయ కట్టడంగా ప్రకటించారు, వెనకదంతా కొత్తగా లేచింది, 2006లో మాల్‌తో సహా తెరిచారు. రోడ్డు మీద నుంచి చూసేవాడికి జ్ఞాపకం మిగిలింది. హాలు పోయింది. ముంబైలో 1938 నాటి ఈరోస్‌ది కొంచెం మెరుగు. అది యునెస్కో 2018లో గుర్తించిన ఆర్ట్ డెకో (1920, 30ల నాటి కట్టడాల శైలి) కట్టడాల వరసలోది కాబట్టి బయటి రూపం జాగ్రత్తగా బాగుచేశారు. 2024లో మళ్ళీ తెరిచారు, కాకపోతే ఒకప్పటి వెయ్యికి పైగా సీట్ల హాలు చోట ఇప్పుడున్నది దాదాపు 300 సీట్ల ఐమాక్స్.

అంటే నా జవాబు: కూల్చివేతా, ముందు గోడా అనే రెండే దారులుంటే గోడ తీసుకోండి. కానీ బేరం ఆ గోడ దగ్గర్నుంచి మొదలుపెట్టకండి.

తాళం వేసిన హాలు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

మీరనుకున్నదానికంటే చాలా తక్కువ. దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే అందరూ బుల్డోజర్ వైపు చూస్తుంటారు, ఈలోపు వాన దాని పని అది చేసుకుపోతుంది.

పాత హాళ్ళలో ఆ పూలు, లతలు, దేవకన్యలు ఉన్న సీలింగ్ రాతిది కాదు. గోనెపట్టాను ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌లో ముంచి అచ్చులో పోసి తీసిన పలుచటి పలకలు అవి. వాటిని పైన దూలాలకు వేలాడదీసేది కూడా ప్లాస్టర్‌లో తడిపిన గోనె ముడులతోనే. పొడిగా ఉన్నంతకాలం నూరేళ్ళైనా చెక్కుచెదరవు. పైన ఒక రేకు లేచి, వాన నీటి గొట్టానికి పావురాల గూడు అడ్డుపడి, రెండు వానాకాలాలు నీళ్ళు నిలిచాయనుకోండి, లోపల గోనె కుళ్ళుతుంది. కింద నిలబడి చూస్తే ఏమీ కనపడదు, మహా అయితే గోధుమరంగు మరక. లండన్‌లో అపోలో అనే నాటకశాలలో 2013 డిసెంబర్‌లో ఆట మధ్యలో సీలింగ్ కొంత విరిగిపడి 70 మందికి పైగా గాయపడ్డారు, అక్కడా పాత గోనె ముడులే పట్టు సడలాయి. అది రోజూ నడిచే హాలు. మూసి ఉన్నదాని సంగతి మీరే ఊహించుకోండి.

నేనొకసారి మూసి ఏడేళ్ళైన హాలులోకి ఓనరు గారితో కలిసి వెళ్ళాను. బాల్కనీ మెట్లు, రెయిలింగ్, తెర చుట్టూ చెక్కడం అంతా చెక్కుచెదరకుండా ఉంది. ఆయన గర్వంగా టార్చి పైకి కొట్టారు. సీలింగ్ మధ్య గుండ్రటి పువ్వు దగ్గర అరచేయంత చిల్లు, దాని కింద రెండు వరసల కుర్చీల మీద తెల్లటి పొడి, ఆ పొడిలో చిన్న మొక్క. "మొన్నటిదాకా లేదండీ" అన్నారు. ఆ చిల్లు పైన ఊడిన రేకు ఒకటే. దాన్ని ఆ ఏడాదే బిగించి ఉంటే సరిపోయేది. రెండేళ్ళ తర్వాత అదే చిల్లును చూపించి "కట్టడం ప్రమాదకరంగా ఉంది" అని కూల్చడానికి అనుమతి తెచ్చుకున్నారు.

అందుకే ఎవరైనా నన్ను మొదటి పని ఏమిటని అడిగితే పైకప్పు, వాన గొట్టాలు అంటాను. లాబీకి రంగులు ఎప్పుడైనా వేసుకోవచ్చు.

సినిమాలు కాకుండా ఇంకో పనికి వాడితే కాపాడినట్టేనా?

ఆ పని ఏమిటన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. బ్రిటన్‌లో బింగోని చాలామంది తిట్టుకుంటారు గానీ, 1960ల నుంచి అది లేకపోతే సగం పెద్ద హాళ్ళు ఇవాళ కనపడేవి కావు. అద్దె కట్టింది, కప్పు చూసుకుంది, సీలింగ్ జోలికి పోలేదు. చర్చిలూ అంతే, లండన్ కిల్బర్న్‌లో 1937 నాటి గోమాంట్ స్టేట్ 4 వేల సీట్ల హాలు, ఇప్పుడు చర్చిగా భద్రంగా ఉంది. అర్జెంటీనా రాజధాని బ్వేనస్ ఐరిస్‌లో 1919 నాటి గ్రాండ్ స్ప్లెండిడ్‌లో 2000 నుంచి పుస్తకాల షాపు నడుస్తోంది. బాల్కనీల నిండా పుస్తకాలు, వేదిక మీద కాఫీ షాపు, ఎర్ర తెర ఇంకా అలాగే వేలాడుతోంది.

మరీ వింతైనది డెట్రాయిట్‌లో ఉంది. మిషిగన్ థియేటర్, 1926 నాటిది. 1970ల చివర్లో లోపలంతా ఖాళీ చేసి మూడంతస్తుల కార్ల పార్కింగ్ కట్టారు. పూర్తిగా కూల్చేద్దామంటే పక్కనే అతుక్కుని ఉన్న ఆఫీసు టవర్ దెబ్బతింటుందని మానుకున్నారు. ఇప్పుడక్కడ కారు దిగి తల పైకెత్తితే సగం ఊడిన చెక్కడాల సీలింగ్ కనపడుతుంది. దీన్ని కాపాడటం అంటారా? నేను అనను. కాని చూడాలనుంది.

నేను పెట్టుకున్న కొలత ఒక్కటే, రేపు ఎవరైనా మళ్ళీ తెర కట్టాలనుకుంటే కట్టే వీలుందా? పుస్తకాల షాపులో ఉంది. పార్కింగ్‌లో లేదు.

ఒకే హాలుని రెండు మూడు స్క్రీన్లుగా విడగొడితే పాడైపోదా?

చూడ్డానికి ఘోరంగా ఉంటుంది, పక్క స్క్రీన్‌లో బాంబు పేలితే ఇక్కడి కుర్చీలదురుతాయి. కానీ చౌకగా విడగొట్టినవే అదృష్టవంతులు. బాల్కనీని అలాగే వాడుకుంటూ కింద జిప్సం బోర్డులతో రెండు గదులు కట్టి, పైన ఫాల్స్ సీలింగ్ కొట్టేసి వదిలేసేవారు. ముప్పై నలభై ఏళ్ళ తర్వాత ఆ బోర్డులు విప్పితే వెనక అసలు గోడ, అసలు రంగు, అసలు దీపాల బ్రాకెట్లతో సహా బయటపడుతుంది. బాగా ఖర్చు పెట్టి "ఆధునికీకరించిన" హాళ్ళలో ఏమీ మిగలదు, అంతా కొట్టి పారేసి కదా కొత్తది పెట్టేది. మెల్‌బోర్న్‌లో కాపిటల్ అనే 1924 నాటి హాలును 1960ల మధ్యలో కోసి కింద భాగంలో షాపుల వరస పెట్టారు, స్ఫటికాల్లా మెరిసే దాని సీలింగ్‌ని మాత్రం ముట్టుకోలేదు. 1999లో ఆర్‌ఎంఐటీ యూనివర్సిటీ కొని బాగుచేసుకుంది, 2019 నుంచి మళ్ళీ అక్కడ సినిమాలూ ఉపన్యాసాలూ నడుస్తున్నాయి.

ఓనరే అమ్ముకుంటానంటుంటే మనమెవరం అడ్డుపడటానికి?

న్యాయమైన ప్రశ్న. మూడో తరం వారసులు, పది వాటాలు, ఒక్కరికీ సినిమా వ్యాపారం తెలియదు, పన్ను నోటీసులు మాత్రం ఠంచనుగా వస్తుంటాయి. వాళ్ళను విలన్లను చేసి మాట్లాడితే మరుసటి రోజే గేటుకి రెండో తాళం పడుతుంది. నేను ఈ పొరపాటు చేశాను, ఒక కుటుంబంతో. మళ్ళీ ఫోనెత్తలేదు.

వాళ్ళకు నష్టం లేకుండా చూసే దారులు కొన్నున్నాయి. వాటిలో బాగా పనిచేసేది, కట్టకుండా వదిలేసిన పై అంతస్తుల హక్కును ఇంకోచోట కట్టుకునేవాళ్ళకు అమ్ముకోనివ్వడం. న్యూయార్క్‌లో బ్రాడ్‌వే పాత నాటకశాలలకు 1998లో ఈ హక్కును మరింత దూరం అమ్ముకునేలా విస్తరించారు, బదులుగా హాలును నాటకానికే ఉంచాలని షరతు. పన్ను రాయితీ, లైసెన్స్ ఫీజు మాఫీ లాంటివి కూడా అడగొచ్చు. మీ నగరంలో ఏముందో తెలుసుకుని, ఆ కాగితం పట్టుకుని ఓనరు దగ్గరకు వెళ్ళండి. ఉత్త అభిమానంతో వెళితే టీ ఇచ్చి పంపిస్తారు.

మా దగ్గర హాలు వచ్చే నెల మూసేస్తున్నారు. ఇప్పటికిప్పుడు ఏం చేయాలి?

ముందు స్థలం ఎవరి పేరున ఉందో, హాలు నడిపేది ఎవరో కనుక్కోండి. ఇద్దరూ ఒకరే అనుకుంటాం, చాలాసార్లు కాదు. లీజు ఎప్పుడు ముగుస్తుంది, అమ్మకం ఒప్పందం అయిపోయిందా, కూల్చివేతకు దరఖాస్తు పడిందా అనేవి మునిసిపల్ రికార్డుల్లో దొరుకుతాయి. ఆ దరఖాస్తు మీద అభ్యంతరం చెప్పడానికి గడువు ఉంటుంది, అది దాటితే ఎన్ని ర్యాలీలు తీసినా వృథా.

అదే వారంలో ఓనరు అనుమతితో లోపల ఫోటోలు తీయండి, తేదీతో సహా. బాగా వచ్చిన ఫోటోలు నాలుగు కాదు, ప్రతి గోడా, ప్రతి మూలా, సీలింగ్ మొత్తం. రేపు ఎవరైనా "లోపల ఏమీ మిగల్లేదు, అంతా పాడైపోయింది" అంటే చూపించడానికి అవే ఆధారం. ఆపైన పాత హాళ్ళ మీద పనిచేసే సంఘాలకు రాయండి. బ్రిటన్‌లో సినిమా థియేటర్ అసోసియేషన్ 1967 నుంచి, అమెరికాలో థియేటర్ హిస్టారికల్ సొసైటీ 1969 నుంచి ఇదే పనిలో ఉన్నాయి. మీ దేశం వాళ్ళు కాకపోయినా అభ్యంతర పత్రం ఎలా రాయాలో చూసి నేర్చుకోవచ్చు.

ఆన్‌లైన్ పిటిషన్ పెడితే సరిపోతుందా?

ఒక్కటే పెడితే సరిపోదు. గెలిచినచోట పిటిషన్ వెనకాల ఇంకోటేదో ఉంది. అట్లాంటాలో ఫాక్స్ థియేటర్ స్థలంలో టెలిఫోన్ కంపెనీ ఆఫీసు కడదామనుకుంటే, 1975లో జనం ఒక సంస్థ పెట్టి అప్పు చేసి హాలునే కొనేశారు, 1978కి అప్పు తీర్చేశారు. మెల్‌బోర్న్‌లో రీజెంట్‌ని కూల్చే పని మేం చేయం అని 1970ల్లో భవన నిర్మాణ కార్మికుల యూనియన్ తేల్చిచెప్పింది. కూల్చేవాడు లేక నిలిచింది, 1996లో తెరుచుకుంది. ప్యారిస్‌లో లా క్లెఫ్ అనే చిన్న హాలులో 2019 నుంచి 2022 దాకా సినిమా పిచ్చోళ్ళు తిష్ట వేసి రోజూ ఆటలు వేశారు. పోలీసులు ఖాళీ చేయించారు, వీళ్ళు చందాలు పోగేసి 2024లో దాన్ని కొనేశారు.

అంత డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది?

హాలు సైజుని బట్టి. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో కింగ్స్ థియేటర్ 1977లో మూతపడి 2015లో తెరిచేనాటికి 9 కోట్ల 50 లక్షల డాలర్లు మింగింది. నగరపాలక సంస్థ, రుణాలు, పన్ను రాయితీలు, నడిపే కంపెనీ అందరూ కలిస్తే అయింది. దానికి నది అవతల జెర్సీ సిటీలో, కింగ్స్‌తో కలిపి ఒకే ఏడాది పుట్టిన లోస్ జెర్సీ థియేటర్ కథ వేరు. నగరపాలక సంస్థ 1993లో కొని ఊరుకుంటే, ఏళ్ళ తరబడి స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు వారాంతాల్లో వైర్లు లాగి, బాయిలర్ బాగుచేసి, కుర్చీలు బిగించి కొంచెం కొంచెంగా తెరిచారు. హాలీవుడ్‌లో 1922 నాటి ఈజిప్షియన్‌ని 1996లో నగరం ఒక సినీ సంస్థకు 1 డాలరుకు ఇచ్చింది, బాగుచేసి సినిమా హాలుగానే తెరవాలనే షరతుతో. ఇటలీ బొలోన్యాలో 1915 నాటి మోడర్నిస్సిమోని ఊరి ఫిల్మ్ ఆర్కైవే బాగుచేసి 2023లో తెరిచింది.

ఇంత మొత్తం అని విని భయపడకండి. మొత్తం ఒకేసారి అక్కర్లేదు. కప్పుకి, కరెంటుకి, బయటికెళ్ళే దారులకి ముందు పోగేయండి. నగిషీ పనికి దాతలు వాళ్ళంతట వాళ్ళే వస్తారు, వాన గొట్టం మీద పేరు వేయించుకోవడానికి ఎవరూ ముందుకు రారు. కాబట్టి ఆ గొట్టాల డబ్బు మీరు ముందే దాచిపెట్టుకోవాలి.

పాత కుర్చీలు, ప్రొజెక్టర్ అమ్ముతున్నారు. కొనొచ్చా?

హాలు బతికే అవకాశం కొంచెమైనా ఉంటే కొనకండి, అక్కడే ఉంచమనండి. లేదంటే తుక్కు వాడికంటే ముందు మీరు వెళ్ళండి. ఒకసారి క్యాబిన్‌లో ఆపరేటర్ రోజువారీ రాసుకున్న పుస్తకాలు ఇరవై ఏళ్ళవి ఉన్నాయని తెలిసి, ఆదివారం తెచ్చుకుందాంలే అనుకున్నాను. శనివారం సాయంత్రం కాగితాల తూకానికి వెళ్ళిపోయాయి.

మూసిన హాలులోకి చడీచప్పుడు లేకుండా వెళ్ళి వీడియో తీయొచ్చా?

వద్దు. సీలింగ్ సంగతి పైన చెప్పాను. దానికి తోడు శబ్దం పీల్చుకోడానికి గోడలకు కొట్టిన పలకల్లో, క్యాబిన్ తలుపుల్లో, వేదిక ముందు వేలాడే, నిప్పును ఆపే తెరలో, పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్బెస్టాస్ ఉండొచ్చు. అల్మరాలో తుప్పుపట్టిన డబ్బా కనపడి, మూత తీస్తే ఘాటైన వాసనతో జిగురు పట్టిన ఫిల్మ్ ఉంటే, అది 1951కి ముందు వాడిన నైట్రేట్ రకం కావచ్చు. ముట్టుకోకుండా బయటికొచ్చి ఫిల్మ్ ఆర్కైవ్‌కి, ఫైర్ వాళ్ళకి ఫోన్ చేయండి. అది అంటుకుంటే నీళ్ళలో కూడా మండుతుంది. పాత క్యాబిన్లకు మందపాటి గోడలు, ఇనుప తలుపులు, బొమ్మ వెళ్ళే కిటికీలకు కిందికి జారే రేకులు ఎందుకున్నాయనుకున్నారు?

ఎంత చేసినా ఆగలేదు. వచ్చే వారం కూల్చేస్తున్నారు. ఇంకేమైనా చేయగలమా?

చేయొచ్చు. ప్లాన్లు మునిసిపల్ ఆఫీసులో ఉంటే నకలు తీసుకోండి. సీలింగ్ అచ్చు ఒక్క ముక్కైనా, ఒక కుర్చీ, నేల టైలు ఒకటి, బయటి అక్షరాల్లో ఒకటి అడగండి. కాంట్రాక్టర్లు మర్యాదగా అడిగితే ఇస్తారు. గోడ రంగు గీకి చూస్తే కింద పొరలు పొరలుగా పాత రంగులు కనపడతాయి, దగ్గర్నుంచి ఫోటో తీయండి.

అంతకంటే ముందు ఆపరేటర్‌ని, గేటు దగ్గర నిలబడినవాళ్ళని, టికెట్లు చింపినవాళ్ళని హాలులోకే తీసుకొచ్చి మాట్లాడించి రికార్డ్ చేయండి, ఇంటికెళ్ళి కాదు. ఇంట్లో కూర్చోబెడితే "అప్పట్లో బాగుండేదండీ" దగ్గర ఆగిపోతారు. క్యాబిన్‌లో నిలబెడితే చేతులే చెప్తాయి. నేను రికార్డ్ చేసిన ఒకాయన, ప్రొజెక్టర్ ఎప్పుడో ఎత్తుకెళ్ళిపోయిన ఖాళీ గదిలో, అది ఉండాల్సిన చోట గాల్లో కుడిచెయ్యి పెట్టి పిడి తిప్పుతూనే గంటసేపు మాట్లాడారు. కిటికీ పక్కన గోడ మీద పెన్సిల్‌తో గీసిన గీతలు చూపించి ఇవేంటండీ అంటే, ఏ రీలు ఎన్ని గంటలకు మార్చాలో వేసుకున్న గుర్తులట. ఆ గోడ మంగళవారం పడింది.